ముప్పావు అంగుళం

బట్టలు కుట్టే ఆవిడను వీధిలో అందరూ కత్తెరమ్మ అనేవారు. చేతిలో కత్తెరకన్నా నోట్లోది పదునని ఆ పేరు. "జేబు ఇంకాస్త పెద్దది పెట్టమ్మా" అని అడిగిన గుమాస్తాను "ఏం, ఆఫీసంతా అందులో వేసుకొస్తావా?" అన్న మనిషి ఆవిడ.

ఒక్క విషయంలో మాత్రం ఆ నోరు పెగిలేది కాదు. ఒంట్లో లోపాన్ని ఆ మనిషికి చెప్పకూడదన్నది ఆమె పెట్టుకున్న కట్టుబాటు. వీపు వంగినవాడికి వెనక గుడ్డ కాస్త ఎక్కువ వదిలేది. తుంటి ఒకవైపు ఎత్తుగా ఉంటే కుట్టు అటు జరిపేది. ముప్పై ఏళ్లుగా ఆ కొట్టు గుమ్మం దిగినవాళ్లంతా తిన్నగానే కనిపించారు.

తల్లి లేని మేనల్లుడు ఆ కొట్లోనే, కత్తిరింపు బల్ల కింద గుడ్డపీలికల్లో పెరిగాడు. వాడి ఎడమ భుజం కుడిదానికన్నా ముప్పావు అంగుళం కిందికి ఉండేది. పదాతి దళంలో లెఫ్టినెంటై మొదటి సెలవుకు వచ్చినప్పుడు, వేడుకలకు వేసుకునే కోటు ఆమే కుట్టింది. వాడు తొడుక్కుని ఎడమ భుజం తడిమి చూసుకున్నాడు.

"ఇక్కడేంటత్తా, దిండు పెట్టావ్?"

"నిలబడి నిద్రపోయే రకానివిగా, పనికొస్తుందిలే. నోర్మూసుకుని అటు తిరుగు."

ఏడాది తిరక్కుండానే యుద్ధం వచ్చింది. ఒక గుట్ట మీద, తన మనుషులందరినీ ముందు దింపి ఆఖరున తాను దిగబోతుంటే గుండు తగిలి పోయాడు. ఇరవై నాలుగేళ్లు.

కబురు తెలిసి వచ్చినవాళ్లతో వాడి తండ్రి, అంటే ఆమె అన్న, "దేశం కోసం పోయాడు" అంటున్నాడు. ఆమె నలుగురిలోనూ లేచి నిలబడింది.

"దేశం మాటెత్తకు అన్నయ్యా! నాకు సైన్యం వద్దు, బళ్లో పాఠాలు చెప్పుకుంటానని వాడు కాళ్లావేళ్లా పడితే, నా తల ఎక్కడ పెట్టుకోమంటావన్నావు. నీ తల నిలబెట్టడానికి పోయాడు వాడు."

ఆనాటి నుంచి వాళ్లకు మాటల్లేవు. పక్కపక్క ఇళ్లు, ఇద్దరికీ ఒకటే కుళాయి. అతను బిందె ఎత్తుకుని లోపలికి వెళ్లేదాకా ఆమె తలుపు తీసేది కాదు.

ఆరు నెలలకు వీధి కూడలిలో వాడి విగ్రహం పెట్టాలని ఒక సంఘం బయలుదేరింది. దానికి పెద్ద, రిటైరైన హెడ్మాస్టారు. వాడు యుద్ధానికి పోతూ ఆమె దగ్గరే వదిలిన కోటును శిల్పికి కొలతలకోసం అడగడానికి ఆయనే వచ్చాడు. "మరక పడిందంటే మీ చొక్కా విప్పిస్తాను" అని చెప్పి మరీ ఇచ్చింది.

పోత పోసేముందు చేసే మట్టి బొమ్మ తయారైందని కబురు వస్తే శిల్పి షెడ్డుకు వెళ్లింది. అన్న అప్పటికే వచ్చి షెడ్డులో ఒక మూల నిలబడి ఉన్నాడు. శిల్పి తడిగుడ్డలు తీశాడు.

ఆమె బొమ్మ చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎవడయ్యా వీడు?"

హెడ్మాస్టారు గతుక్కుమన్నాడు. "అదేమిటమ్మా, మీ వాడే!"

"మావాడు ఎప్పుడూ ఇలా తలుపు చెక్కలా నిలబడలేదు. నువ్వు శిల్పివా, వడ్రంగివా?"

శిల్పికి రోషం వచ్చింది. "మీరిచ్చిన కోటును పట్టే చేశానమ్మా. వెంట్రుకవాసి తేడా ఉంటే చూపించండి." దండేనికి తగిలించిన కోటు తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాడు. రెండు భుజాలూ గీత గీసినట్టు సమంగా ఉన్నాయి.

ఆమె కోటు ఎడమ భుజం తడిమింది; తాను పెట్టిన మెత్త చేతికి తగిలింది. ఇంతసేపూ తిట్టింది తన పనితనాన్నే.

కోటు లాక్కుని బల్ల మీద పరిచింది. సంచిలోంచి చిన్న కత్తెర తీసి, అస్తరు కుట్లు విప్పి, లోపలి దూదిమెత్త బయటికి లాగి విసిరికొట్టింది. "ఇప్పుడు చేయి. ఎడమ భుజం దించు."

"ఆగండమ్మా!" హెడ్మాస్టారు అడ్డొచ్చాడు. "ఆవిష్కరణ పత్రికలు పంచేశాం. పైగా వంకర భుజంతో వీరుణ్ణి నిలబెడితే బడిపిల్లలు నవ్వరూ?"

"నవ్వనీండి. వాడూ నవ్వేవాడు. మీకు వీరుడు కావాలంటే మీ ఇంట్లోంచి ఒకణ్ణి పంపించి, వాడి బొమ్మ తిన్నగా చేయించుకోండి."

హెడ్మాస్టారు మొహం మాడిపోయింది. "మీరైనా చెప్పండి" అన్నట్టు తండ్రి వైపు చూశాడు. అతను నేల చూపులు చూస్తున్నాడు. శిల్పి పనిముట్టు ఎత్తలేదు.

ఇక ఆమె ఎవరినీ అడగలేదు. చెంగు దోపి, పీట ఎక్కి, బొమ్మ ఎడమ భుజం మీద రెండు అరచేతులూ మోపి బరువంతా వేసింది. పచ్చిమట్టి నెమ్మదిగా దిగింది. చేయి తీసి చూసింది.

"ఇంకొంచెం."

అన్న గొంతు. ఎనిమిది నెలల తరువాత మొదటి మాట.

అంటే అతనికీ తెలుసన్నమాట. ఆమె వెనక్కి తిరగలేదు. "నాకు చెప్పక్కర్లేదు. వాణ్ణి కొలిచింది నేను" అని మళ్లీ నొక్కింది. తరువాత మట్టిచేయి వెనక్కి చాచింది.

"టేపు."

ఇవ్వాల్సిన శిల్పి కదల్లేదు. బల్ల మీది టేపు తీసి అందించింది అన్నే. ఆమె అతని మొహం చూడకుండానే తీసుకుంది.