ఆదెయ్య రీలు

మునెయ్యను నెల్లూరులో ఎవరూ ఎరగరు. మా మత్స్యకార సహకార ప్రచార సమితిలో ఫిల్ముల గదికి వాచ్‌మన్ అతను. నేను ప్రొజెక్టరు ఆపరేటరును. ఊరూరా తిరిగి బొమ్మ వేసేవాణ్ణి కనుక నాకు దండాలూ టీలూ దక్కేవి. ఆ బొమ్మలను బతికించినవాడికి మాత్రం ఒక స్టూలు, ఒక తాళంచెవి.

అతనిది పులికాటు అవతల, శ్రీహరికోట దీవిలో ఒక పల్లె. వలేసే ఇంట్లో పుట్టి, చెవిలో చీము పట్టి, ఇక నీళ్ళలో దిగకూడదని డాక్టరు చెబితే ఈ కొలువుకు వచ్చాడు. వచ్చినవాడు ఊరికే కూర్చోలేదు. ఉప్పుగాలికి ఫిల్ము డబ్బాలు తుప్పు పడుతున్నాయని వారానికోసారి పొడిగుడ్డతో తుడిచేవాడు. చెమ్మ లాగడానికి గది మూలల్లో మట్టిమూకుళ్ళు పెట్టి, వాటిలో సున్నపురాళ్ళు వేసేవాడు. ఎవరూ నేర్పలేదు. ఎండుచేపల కొట్టం చూసుకున్న బుద్ధి అది.

ముప్ఫై ఒక్క డబ్బాల్లో ఒకదానికి మాత్రం గంధం బొట్టు ఉండేది. యాభై ఎనిమిదిలో మద్రాసు నుంచి వచ్చినవాళ్ళు అతని పల్లెలో తీసిన ఫిల్ము అది. అందులో మునెయ్య తమ్ముడు ఆదెయ్య పడవను అలల్లోకి తోసి, ఎగిరి ఎక్కి, వెనక్కి తిరిగి నవ్వుతాడు. అంతా కలిపి పదకొండు సెకన్లు. మరుసటేడు ఆదెయ్య వేటకు పోయి తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆ ఇంట్లో అతని ఫోటో ఒక్కటీ లేదు.

ఏటా ఒకసారి వాళ్ళమ్మ పిచ్చమ్మ పడవలో సరస్సు దాటి, సూళ్ళూరుపేటలో రైలెక్కి వచ్చేది. కిటికీలు మూసి గోడమీద ఆ పదకొండు సెకన్లూ వేసేవాణ్ణి. మూడుసార్లు వేయించుకునేది. ఏడ్చేది కాదు. "బిడ్డ సన్నబడినాడు" అనేది ప్రతిసారీ.

ఫిల్ముల గది పల్లంలో ఉండేది, మురుక్కాలువ పక్కనే. డబ్బాలను మేడమీదికి మార్చమని మునెయ్య మా ఆఫీసరు పద్మనాభయ్య గారిని మూడేళ్ళు అడిగాడు. దున్నపోతు మీద వాన కురిసినట్టే. "పైన ఫైళ్ళున్నాయి కదయ్యా. ఫైలు తడిస్తే నేను సంజాయిషీ రాసుకోవాలి. బొమ్మ తడిస్తే ఎవరడుగుతారు?" అన్నాడాయన. నిజమే చెప్పాడు. ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

అడిగిన మూడో ఏడు కార్తీకంలో తుఫాను పట్టింది. నేను సంగం ఊళ్ళో బొమ్మ వేయడానికి పోయి, దారులు తెగి ఐదు రోజులు అక్కడే చిక్కుకున్నాను. ఇక్కడ గదిలోకి మొలలోతు నీళ్ళు వచ్చాయి. మునెయ్య డబ్బాలన్నిటినీ నెత్తిన మోసి మేడెక్కించాడు. కానీ తుప్పు తిన్న మూతల్లోంచి బురదనీళ్ళు అప్పటికే లోపలికి దిగాయి. తుఫానుకు ఆగిన రైళ్ళు మళ్ళీ కదలగానే పిచ్చమ్మ పరిగెత్తుకొచ్చింది.

నేను తిరిగొచ్చేసరికి డాబామీద చాపలు పరిచి ఉన్నాయి. వాటిమీద ఫిల్మంతా విప్పి, నెత్తళ్ళ చేపలు ఎండబెట్టినంత శుభ్రంగా ఎండబెట్టారు. ముందు మంచినీళ్ళతో కడిగి, బురద పోవాలని పిచ్చమ్మ జానెడు జానెడుగా తన కోకకొంగుతో తుడుస్తూ ఉంది.

"మా ఆదెయ్య రీలే మొదట చేసినాం ఏసుమణన్నా" అన్నాడు మునెయ్య సంబరంగా. "అద్దం మాదిరి వచ్చినాది చూడు."

అద్దంలాగే ఉంది. ఫిల్ముమీద బొమ్మ ఉండేది పల్చటి జిగురుపొరలో. నీళ్ళకు నానిన ఆ పొర కొంగు తగిలినా ఊడి వస్తుంది. తడిసిన రీలును విప్పకూడదు, ఆరనివ్వకూడదు. మంచినీళ్ళలో ముంచి అట్లాగే లాబుకు పంపాలి. ప్రొజెక్టరుతోబాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో ఈ సంగతి ఉంది. నేను చదివాను. వాచ్‌మన్‌కు ఎందుకులే అనుకున్నాను. నేల ఎగుడుదిగుడుగా ఉందని ఆ పుస్తకాన్ని బల్లకాలి కింద ఎత్తుకు పెట్టాను. పద్మనాభయ్య గారిని తిట్టడానికి నాకు నోరెక్కడిది!

నెగెటివ్ కోసం మద్రాసుకు రాశాను. ఎక్కడుందో తమకు తెలియదని జవాబొచ్చింది. ఆ రోజు మునెయ్యను మెట్లమీద కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాను.

"తడిసినదాన్ని ఆరబెట్టకుండా ఎవురన్నా ఉంటారా అన్నా?" అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు. "మా అమ్మకు చెప్పబాక. తుడిచినాది ఆమె చేత్తోనే."

చెప్పలేదు. బొమ్మ నీళ్ళకు పోయిందని మాత్రం అన్నాం.

మరుసటేడు పిచ్చమ్మ మామూలుగానే వచ్చింది. ఏమీ లేదమ్మా అంటే వినలేదు. కిటికీలు మూసి రీలు ఎక్కించాను. గోడమీద తెల్లటి వెలుతురు, అడ్డదిడ్డంగా గీతలు, ఒకచోట పడవ కొస. మూడుసార్లూ వేయించుకుంది.

"ఆ రైలు రవంత ముందొచ్చుంటే బిడ్డ దక్కేవోడు గదా నాయనా" అంది. "నేను తుడిచేది ఆలస్యమైపోయినాది."

మునెయ్య నావైపు చూశాడు.

"అవునమ్మా, ఆలస్యమైపోయింది" అన్నాను.