నాయన ఫోనుకు నేను చేసిన బాగు

మా బోరు పావుగంటే నీళ్లు పోస్తుంది. ఆ తర్వాత ఆపకపోతే మోటరు కాలిపోతుంది. మోకాళ్ల నొప్పులతో తోటకు నడవడం నాయనకు కష్టమని, ఇంటి నుంచే మోటరు ఆపే యాప్ ఆయన పాత ఫోనులో పెట్టబోయాను. చోటు లేదంది. ఒక్క నొక్కుతో ఫోను రూట్ చేసే, అంటే కంపెనీ వేసిన తాళాలు తీసే టూల్ ఎక్కడిదో దింపి నొక్కాను. కంపెనీ పెట్టిన చెత్త యాప్‌లన్నీ పీకేశాను, మోటరు యాప్ ఎక్కింది. నా తెలివి తెల్లారినట్లే ఉంది! వారం తిరక్కుండా తెర నిండా జూదం ప్రకటనలు. ఫోను మొత్తం చెరిపినా ఆ టూల్ పోలేదు. లోపలి తాళాలన్నీ దాని చేతికి నేనే ఇచ్చాను మరి.

ఓ పొద్దున ఇంట్లో నాయన ఫోను తీసి మోటరు ఆపబోతే ప్రకటన అడ్డొచ్చి, ఆపే బటన్ కనబడలేదు. చీనీ బత్తాయి తోటకు పరుగెత్తాను. నాయన మోటరు ఆపేసి స్టార్టర్ డబ్బా పక్కనే కూర్చుని ఉన్నాడు.

"నువ్వు ఆ ఫోను బాగుచేసినకాడ్నుంచీ దినామూ ఈడనే కూచుంటాండా గదప్పా," అన్నాడు.