వదిన పొయ్యికి పెద్ద చిల్లులు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి చెప్పే రకం. పిల్లి ఎదురైతే పులి అంటాను. కాబట్టి మైపాడు దారిలో మా వదిన వేసే దోసె ఒక్కటి పరిస్తే ఇందుకూరుపేట మండలం మొత్తానికి నీడ వచ్చేదని నేనంటే, మండలం తీసేసి మా పెరడు పెట్టుకోండి.

సముద్రపు గాలికి అక్కడ తుప్పు పట్టనిది లేదు. మనిషి కదలకుండా కూర్చుంటే మోకాళ్లకూ పడుతుంది. వదిన దోసెల కొట్టులో గ్యాస్ పొయ్యి బర్నరుకు చుట్టూ ఉండే సన్నని చిల్లులు తుప్పుతో పూడిపోయాయి. మంట సన్నగా వణికేది. దోసె ఎర్రబడేది కాదు. తినేవాళ్లు పక్క కొట్టుకు మళ్లారు.

మా అన్న పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. తీరంలో ఏది పూడిపోయినా అక్కడి వైద్యం ఒకటే, డ్రిల్లు పెట్టి చిల్లు పెద్దది చేయడం. ఉప్పు ఎలాగూ మళ్లీ పూడుస్తుంది, పెద్దదైతే కొన్నాళ్లు ఆగుతుందని.

"ఇవేం చిల్లులు? చీమ కూడా దూరదే" అన్నాడు అన్న, బర్నరు తిప్పి చూసి.

"చీమలు దూరేదానికి పెట్టలేదులేవయ్యా. చేసినోడు తెలిసే చేసుంటాడు" అంది వదిన.

"చేసినోడు మైపాడు గాలి తిన్నాడా ఏంది?"

చిల్లులు వెడల్పయ్యాయి. మంట తాటిచెట్టంత లేచింది. మొదటి ఎర్రటి దోసె వదిన అన్నకే వేసింది.

ఆ చిల్లులు ఎందుకంత సన్నగా ఉంటాయో నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. మంట బతకాలంటే వేడి ఉండాలి. సన్నటి సందులోకి దూరబోతే చుట్టూ ఉన్న చల్లని లోహం ఆ వేడిని లాగేసుకుంటుంది, మంట గుమ్మంలోనే చచ్చిపోతుంది. అందుకే లోపలంతా గ్యాసే ఉన్నా మంట బయటే ఆగుతుంది. సందు వెడల్పయితే దాని నడుమ దాకా లోహం చెయ్యి అందదు.

ఒక పొద్దున జనం పలచబడ్డాక వదిన మంట తగ్గించింది. గ్యాసు జోరు తగ్గగానే మంట ఆ పెద్ద చిల్లుల్లోంచి లోపలికి దిగింది. పైన ఏమీ కనపడలేదు. లోపల బుస్సుమనే చప్పుడు మాత్రం వస్తోంది.

"ఆరిపోయినట్టుందే" అంటూ వదిన వంగింది.

లోపలి మంట వేడికి మెత్తబడిన గ్యాసు రబ్బరు గొట్టం అప్పుడే తెగి భగ్గుమంది. బల్ల దగ్గర తింటున్న నేను తడి గోనెతో ఉరికేసరికి చీరంతా అంటుకుంది. ఆ పొగ కృష్ణపట్నం ఓడలకు కనపడింది.

నెల్లూరు ఆసుపత్రిలో బతుకుతుందో లేదో ఎవరూ చెప్పలేదు. అన్న వరండాలో తన చేతుల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు, లోపలికి రాలేకపోయాడు. నేనే వెళ్లాను. కట్ల మధ్య నుంచి వదిన అంది: "మీ అన్ననేమీ అనబాకండి. దోసె మాత్రం బాగా ఎర్రగా వచ్చినాది."

బయటికి రాగానే "ఏమన్నదిరా?" అన్నాడు అన్న. చెప్పాను. గోడకు ఆనుకుని నవ్వాడు. నవ్వుతూనే కిందికి జారి కూర్చున్నాడు. ఆ సాయంత్రం వదిన పోయింది.

దోసె నీడ, తాటిచెట్టు, ఓడలు, ఇవన్నీ నేను పెంచినవి. కల్పించింది ఒక్కటే, ఆ ఆసుపత్రి మాట. వదిన పెదాలు కదల్లేదు. అన్న ఇప్పటికీ ఆ మాట అందరికీ చెబుతుంటాడు. ఆయన పుస్తకాలు చదవడు. చదివిన మీరు చెప్పకండి.