మోకాలి మీది గులాబీ

పూసలత్తయ్య బొంతలో ఏ ముక్కకూ పక్క ముక్కతో పడదు. అతుకుల మీద రిబ్బను పూలు కుట్టి, పూసలు గుచ్చి రాజీ కుదర్చడమే ఆవిడ విద్య. సాయంత్రం మనవరాలికి ఇవ్వాల్సిన బొంతలో చివరి గులాబీకి మామయ్య మోకాలే బల్ల అయింది. పువ్వు పూర్తయ్యాక ఆయన లేస్తే బొంత కూడా లేచింది.

"ప్యాంటుతో కలిపి కుట్టేశావేమే!"

"మీరు కదిలుంటే తెలిసేదిగా?"

"కదలొద్దంది నువ్వే! సరే, విప్పు."

"విప్పితే రిబ్బను నలిగి పువ్వు పాడైపోతుంది," అంటూ అత్తయ్య కత్తెర అందుకుంది.

"నాకున్న మంచి ప్యాంటు ఇదొక్కటే!"

"అందుకే, ముక్క చక్కగా ఉంటుంది."

ఆ సాయంత్రం మనవరాలు బొంత మడత విప్పగానే అందరూ గులాబీని మెచ్చుకున్నారు. మామయ్య మాత్రం బొంతను తిరగేసి, ప్యాంటు ముక్క చూపించి, "పువ్వు మీ అమ్మమ్మది, మోకాలు నాది," అన్నాడు.