నీళ్లు కావాల్నా?

మేడం పోయారన్న మాట ఫోన్లో తెలిసింది. వెంటనే నమ్మలేదు. తెలియని నంబరు, తెలియని గొంతు. ఈ రోజుల్లో ఫోన్లో ఎవరైనా ఏమైనా చెబుతారు. పెట్టేసి, నా దగ్గరున్న మేడం నంబరుకే చేశాను. మేడం కూతురు ఎత్తింది. నిజమే. గుండెపోటట. మొదట ఫోన్ చేసినామె మేడం దగ్గర పనిచేసే అమ్మాయి. మళ్లీ చేసి, ఇకమీదట మా పాపను చూడడానికి తాను రావచ్చా అని అడిగింది. తర్వాత చెబుతానన్నాను.

మాది కళ్యాణదుర్గం. వేరుశనగ వ్యాపారం. మా పాపకు ఆటిజం. మాటలు రావాల్సిన వయసులో రాలేదు. పిలిస్తే తిరిగి చూసేది కాదు. అనంతపురం ఆసుపత్రిలో డాక్టరు ఆ సంగతి చెప్పిన రోజే మేడం పరిచయమయ్యారు. అలాంటి పిల్లలు ఏళ్లు గడిచేకొద్దీ ఎలా ఎదుగుతారో చూడడం ఆమె పని. ఏటా ఒకసారి ఇంటికొచ్చి చూస్తానన్నారు. మందు ఇస్తారా అంటే లేదన్నారు. నయమవుతుందా అంటే, అది తాను చెప్పలేనన్నారు. మరి ఊరికే చూసిపోవడానికి ఇంత దూరం ఎవరొస్తారు? పాపను ఏదో హాస్టల్లో వేయమంటారని, మెల్లగా మా చేతుల్లోంచి తీసుకుపోతారని నా భయం. నా భార్య సరేనంది కాబట్టి ఊరుకున్నాను.

చేలల్లో కాయలు పీకే రోజుల్లో ఆమె బస్సు దిగి వచ్చేవారు. చాప మీద పాపకు కాస్త దూరంగా, పక్కకు తిరిగి కూర్చునేవారు. నేను అంగడి లెక్కలు ముందేసుకుని అదే గదిలో ఉండేవాణ్ణి. లెక్క సాగేది కాదు. నా చూపంతా ఆమె చేతుల మీదే. ఒకసారి ఆమె ఎవరిని కలుస్తారో చూద్దామని బస్టాండు దాకా వెనకాలే పోయాను. ఎవరినీ కలవలేదు. హోటల్లో తినడానికి బొరుగుల ఉగ్గాని చెప్పి, వెనక్కి తిరక్కుండానే అన్నారు: “ఇంత దూరం నడిచినావు, ఆకలి కాలేదాప్పా? రా, నువ్వు గూడా తిను.”

హోటల్లో తిన్న మనిషి మా ఇంట్లో మాత్రం చుక్క నీళ్లు ముట్టేవారు కాదు. సంచిలో తన సీసా. నా భార్య నీళ్లు తేబోతే చెయ్యి ఊపి ఆపేవారు. మా నీళ్లకేమొచ్చిందని అదొక అనుమానం.

ఏటా అదే పాత చెక్కపెట్టె తెచ్చేవారు, పాప పేర్చడానికి అవే రంగు వెలిసిన చెక్క దిమ్మెలు. కొత్తవి లేవా అని అడిగాను.

“ఇవి మారిస్తే, మారింది పాపనో దిమ్మెలో నాకెట్ల తెలుస్తాదప్పా?” అన్నారు.

పాపకు మాటలు వచ్చాయి గానీ, దాహమైతే “నీళ్లు కావాల్నా?” అనేది. మేం తనను అడిగే మాటనే తిరిగి అనేది. చుట్టాలు తమనే అడుగుతోందనుకుని, ఎంత మర్యాదో చూడు అని మురిసిపోయి, వద్దులే తల్లీ అనేవారు. పాప నేలమీద పడి ఏడ్చేది. మాకు అలవాటైపోయి, ఆ మాట వినగానే గ్లాసు తన చేతికే ఇచ్చేవాళ్లం. మేడం దాన్ని దిద్దమనలేదు. చివరి ‘నా’ ఎప్పుడు రాలుతుందో చూద్దామన్నారు. కొన్నేళ్లకు రాలింది. “నీళ్లు కావాల” అంది పాప. నా భార్య కళ్లు తుడుచుకుంది. మేడం పొగడలేదు.

“ఈ యేడు ఈడ ఉండాది. వచ్చే యేడు యాడుంటాదో అప్పుడు సూద్దాం,” అన్నారు అంతే.

కిందటిసారి వచ్చినప్పుడు ఆమెకు దగ్గు. ఆగకుండా దగ్గుతున్నారు. పాప ఇప్పుడు నా భుజం దాకా ఎదిగింది. దిమ్మెలు వదిలి, “నీళ్లు కావాల్నా?” అంది. పోయిన మాట మళ్లీ వచ్చిందే అనుకున్నాను. అలవాటు కొద్దీ నా భార్య గ్లాసు పాప చేతికిచ్చింది. పాప తాగలేదు. చాప మీద దాన్ని మేడం వైపు నెట్టింది.

మేడం గ్లాసెత్తి అడుగుదాకా తాగారు.

“నీళ్లు కావాల్నా అని నన్ను మీరు అడిగింటే ఆ మాటనే పాప తిరిగి అనేది,” అన్నారు నాతో. “దానంతట అది అంటే వినల్లని ఇన్నేళ్లు సీసా మోసినా.”

మా పాపను మొదటి నుంచి ఇప్పటిదాకా చూసిన బయటి మనిషి ఆమె ఒక్కరే. పాప నిన్న ఎలా ఉండేది, నేడు ఎలా ఉంది అని చెప్పగలిగింది ఆమె ఒక్కరే.

మేడం పోయిన కబురు విన్న మర్నాడు, ఆమె దగ్గర పనిచేసే ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ఆ పాత పెట్టె మార్చకుండా తెచ్చేటట్టుంటే రమ్మన్నాను. గుర్తింపు కార్డు కూడా తెమ్మన్నాను. మేడం లాగే తన నీళ్ల సీసా తానే తెచ్చుకోవాలనీ చెప్పాను.

ఫోన్ పెట్టి చాప మీద కూర్చున్నాను. పాప వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎటో చూస్తూ, “నీళ్లు కావాల్నా?” అంది. నన్ను అడిగిందో, తనకే కావాలందో. గ్లాసు నింపి ఇద్దరి మధ్యా పెట్టాను. మేడం లాగే కాస్త పక్కకు తిరిగి కూర్చున్నాను.