హత్య సీనులో మంగళహారతి

“గిటారు తీసీండి బావా. యుద్దానికి ముందు షావుకారింట్లో గిటారేటి?” అన్నాను నేను.

“టీవీ సూసీవోళ్ళు పాట పుట్టిన సంవత్సరం అడగరు పిల్లా. ఇనడానికి బాగుంటే సాలు,” అన్నాడు పెట్టె బావ.

“షావుకారికి కోటూ తలపాగా ఊరంతా ఎతికి తెచ్చినారు గదా. పంచెకి ఏడాది సూసినోళ్ళు పాటకి సూడరేటి?”

“పంచె కనబడతాది. పాట కనబడదు గదా.”

రంగూన్ బోటాటౌంగ్ పేటలో మా మావయ్య పాతసామాన్ల కొట్టు గుమ్మంలో మేమిద్దరం ఇలా ఓ పూటంతా వాదించుకున్నాం. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్ళు. నాలుగో తరగతిలో బడి మానేసినదాన్ని, టీవీ నాటకానికి సంగీతం కూర్చే మనిషికి పాఠం చెప్పబోయానంటే ఇప్పుడు తలుచుకుంటే నాకే సిగ్గుగా ఉంటుంది. పెట్టె బావ మాకు చుట్టం కాడు. తెలుగు బాప్టిస్టు చర్చిలో హార్మోనియం పెట్టె వాయించేవాడు కాబట్టి పెట్టె, పేటలో వయసు మగవాళ్ళను ఏదో ఒక వరసపెట్టి పిలవాలి కాబట్టి బావ. (వరస పిలుపే, అంతకు మించి ఏమీ లేదు. మా మనవరాలు పదిసార్లు అడిగింది కనక ఇక్కడే రాసి పెడుతున్నాను.) అతనికి టీవీ వాళ్ళ దగ్గర ఓ పని దొరికింది. యుద్ధానికి ముందు రంగూన్‌లో ఒక షావుకారు తన ఇంట్లో హత్య అవుతాడు, ఒక పోలీసు ఆఫీసరు హంతకుణ్ణి పట్టుకుంటాడు, అదీ నాటకం. ఆ షావుకారింటి గ్రామఫోనులో ఆ కాలపు పాట ఒకటి మోగాలి. ఆ పాటను వెతకడం మా బావ పని. అతని దగ్గరున్నవన్నీ ఒకరి నుంచి ఒకరు కాపీ చేసుకున్న కేసెట్లు, అన్నింట్లోనూ గిటారే.

ఆ ఏళ్ళ గురించి ఇప్పటి పిల్లలకు చెబితే కల్పించి చెబుతున్నాననుకుంటారు. దేశం తలుపులేసుకుని కూర్చున్న కాలం అది. బయటి సరుకు లోపలికి రాదు, ఓ సబ్బుబిళ్ళ కావాలన్నా ఎవరో ఓడ మీది మనిషిని బతిమాలుకోవాలి. దానికి తోడు ముందటేడు వీధుల్లో పెద్ద గొడవలు జరిగాయి. జనం ఊరేగింపులు తీశారు, తుపాకులు పేలాయి, కాలేజీలు మూతపడ్డాయి. ఐదుగురికి మించి ఒకచోట గుమిగూడకూడదని ఆర్డరు వచ్చింది. మా పేటలో అందరూ మెల్లగా మాట్లాడటం అలవాటు చేసుకున్నారు. మా కొట్టుకు మాత్రం ఆ కాలమే కలిసొచ్చింది. కొత్తది దొరకనప్పుడు పాతదానికే విలువ కదా. మావయ్య ట్వంటే కాలవ వెంట ఊళ్ళు తిరిగి లాంతర్లూ గడియారాలూ కొనుక్కొచ్చేవాడు. కొట్లో కూర్చునేది నేను. పైన చెక్కల అటక మీద కాపురం, నేనూ నాయనమ్మా.

నాయనమ్మకు ఒక గ్రామఫోను ఉండేది. ఆవిడ సొంత ప్లేటు మాత్రం ఒకటే, మంగళహారతి. పూర్వం శుక్రవారం సాయంత్రం దీపాలవేళకు మా వీధి ఆడవాళ్ళు నలుగురు వచ్చి నాయనమ్మతో కలిసి హారతి పాడేవారట. కొట్లన్నీ సర్కారు పరమైన ఏళ్ళలో ఒక్కొక్కరే ఓడెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయారు. నాయనమ్మది మొదటినుంచీ బొంగురు గొంతు, తాను ఒక్కతే పాడితే దేవుడు కూడా లేచిపోతాడని ఆవిడ నమ్మకం. అందుకని వెళ్ళినవాళ్ళకు బదులు ఆ ప్లేటు పాడేది. వారానికి ఒక్కసారే, అదీ శుక్రవారమే. అది మోగుతుంటే ఇంట్లో ఎవరు ఏ పనిలో ఉన్నా లేచి నిలబడాలి. కర్పూరం వెలిగించి, పాట పూర్తయ్యాక అరచేతులు మంటకు చూపి కళ్ళకద్దుకోవాలి. నేను అన్నం ముందు కూర్చున్నా లేచి నిలబడేదాన్ని, ఎడమచెయ్యి ఒక్కటే దణ్ణం పెట్టేది.

కష్టమంతా సూదులతో వచ్చింది. గ్రామఫోను సూదులు పై దేశం నుంచి రావాలి, అవి రావడం మానేశాయి. ఉన్నవి అరిగాక నేను నిమ్మముల్లు ఎండబెట్టి, కొన చెక్కి పెట్టేదాన్ని. ముల్లుతో ప్లేటు అరగదు, నిజమే. కానీ పాట చీమ నడిచినట్టు వినిపిస్తుంది. నాయనమ్మకు అప్పటికే చెవులు మందగించాయి. గ్రామఫోను బాకాలో తలపెట్టి, కర్పూరం చేత్తో పట్టుకుని, పాట సగం నడిచాక, “ఏటే గుంటా, పాట ఎట్టినావా?” అని అడిగేది. ఎట్టినాను నాయనమ్మా అనేదాన్ని. అయితే బాగుంది అని, వినబడని పాటకు నిలబడి దణ్ణం పెట్టేది. అలా మూడు నెలలు గడిచాయి. అది నేను చూడలేకపోయేదాన్ని. (ప్రేమ ఒక్కటే అని చెప్పను. నిమ్మముల్లు చెక్కి చెక్కి నా వేళ్ళకు కూడా చిల్లులు పడ్డాయి.)

కాబట్టి పెట్టె బావ వాదనలో ఓడిపోయి, టీవీ వాళ్ళ పాతసామాను గదిలో ఇనప సూదుల డబ్బా ఒకటి ఉందని, మంచి పాటా గ్రామఫోనూ వారం రోజులు వాడుకోనిస్తే ఆ డబ్బా ఇప్పిస్తాననీ అన్నప్పుడు నేను వెంటనే ఒప్పుకున్నాను. కొట్లో ఉన్న ప్లేట్లన్నీ కిందికి దించాను. ఇంగ్లీషు డాన్సు ప్లేటు ఒకటి ఎండకు అప్పడంలా వంకర తిరిగి ఉంది. హిందూస్తానీ గజలులో మనిషి గొంతు కన్నా ఆవాలు చిటపటలాడే చప్పుడే ఎక్కువ. ఒక బర్మా పాట చక్కగా మొదలై మూడో మాట దగ్గర ఆగి, ఆ మాటే పాడుతూ కూర్చుంది. పెట్టె బావ అన్నింటికీ తల అడ్డంగా ఊపాడు. చివరికి నేను అటకెక్కి నాయనమ్మ ప్లేటు తెచ్చాను. వారానికి ఒక్కసారి మోగే ప్లేటు, అందులోనూ ముల్లు సూదితో. గీత లేదు, చప్పుడు లేదు. అతను కళ్ళు మూసుకుని విన్నాడు. చర్చిలో పెరిగిన మనిషి, అది ఏ పాటో అతనికి తెలియలేదు, ఆడవాళ్ళ పాత పాట ఏదో అనుకున్నాడు. “యాబాదే, యాబాదే,” అన్నాడు. బర్మాలో సరే సరే అని. సీనులో ఏముంటుందని అడిగాను. సాయంత్రం, షావుకారిల్లు, దీపాలు, షావుకారు పడక్కుర్చీలో ఉంటాడు అన్నాడు. దీపాలున్నాయి కదా, హారతికి అడ్డేమీ లేదని నేనూ సరిపెట్టుకున్నాను. తరువాతేమవుతుందని నేనడగలేదు, అతను చెప్పలేదు.

నాయనమ్మకు మాత్రం స్ప్రింగు పోయింది, మిషను బాగుచేయించడానికి పంపానని చెప్పాను. ఇవాళ మా మనవలు పెన్సిలు పోయిందని అబద్ధం చెబితే కొత్తది కొనను, పాతముక్కతోనే రాయిస్తాను, అబద్ధం ఆడితే ఇదే గతి అంటాను. ఆ రోజు నా నోటి నుంచి ఆ స్ప్రింగు ఎంత సులువుగా వచ్చిందో వాళ్ళకు చెప్పలేదు. వారం తిరక్కుండానే బావ మిషనూ ప్లేటూ తెచ్చి ఇచ్చాడు. వెలుతురులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను, గీత పడలేదు. కానీ సూదుల డబ్బా తేలేదు. నాటకం టీవీలో వచ్చాకే గది తాళం తీస్తారట. ఆ శుక్రవారం కూడా నిమ్మముల్లే.

నాటకం వచ్చే సాయంత్రం పక్కింటి టీవీ ఊలే గదిలో చేరాం. ఊలే అంటే బర్మా భాషలో బాబాయి లాంటి పిలుపు. ఆయన పేట ఆఫీసులో పెద్దమనిషి, వీధి మొత్తానికి ఉన్న ఒకే ఒక టీవీ ఆయనది. ఆర్డరు ఆర్డరే కాబట్టి చాప మీద ఐదుగురినే కూర్చోనిచ్చేవాడు, మిగతావాళ్ళు కిటికీ బయట దారిన పోతూ కాసేపు ఆగినట్టు నిలబడాలి. తనని మాత్రం లెక్కలో వేసుకునేవాడు కాదు. చాప మీద ముందు నాయనమ్మ, పక్కన నేను, వెనక మా వీధి తెలుగువాళ్ళే మరో ముగ్గురు. పెట్టె బావ కిటికీ దగ్గర ఉన్నాడు.

షావుకారు తెర మీదికి వచ్చాడు. కోటు బాగుంది, తలపాగా బాగుంది, దీపాలున్నాయి. పడక్కుర్చీలో కూర్చుని మన గ్రామఫోను తిప్పాడు. హారతి మొదలైంది. టీవీ ఊలేకు అన్నీ గట్టిగా వినడం అలవాటు, పాట గది నిండా, వీధి నిండా మోగింది. ఆ చప్పుడుకు నాయనమ్మకూ వినబడింది. నా భుజం పట్టుకుని లేచి నిలబడింది, కళ్ళు మూసుకుని చేతులు జోడించింది. ఆవిడను చూసి నేను లేచాను, వెనక ముగ్గురూ లేచారు. కిటికీ బయట బీడీ కాల్చుకుంటున్నవాళ్ళు బీడీలు పారేసి దణ్ణం పెట్టారు. ఆ ఏడాది పదిమంది ఒక్కసారి లేచి నిలబడటం అంటే మామూలు సంగతి కాదు. టీవీ ఊలే బిత్తరపోయి అటూ ఇటూ చూశాడు. ఇది ఏ పాటో, ఎవరి గౌరవార్థమో ఆయనకు తెలియదు, నిలబడకపోతే ఏమవుతుందో అసలే తెలియదు. నిలబడటమే క్షేమమనుకుని లుంగీ సర్దుకుని ఆయనా నిలబడ్డాడు.

అప్పుడు షావుకారి వెనక పరదా కదిలింది. టోపీ పెట్టుకున్నవాడొకడు కత్తితో వచ్చాడు. మేమందరం చేతులు జోడించి చూస్తుండగానే పొడిచాడు. షావుకారి చెయ్యి గ్రామఫోను మీద పడింది, హారతి సగంలో కీచుమని ఆగిపోయింది. అయ్యో అని అరిచాను. పోయిన మనిషి కోసం కాదు, చెయ్యి ప్లేటు మీద పడిందని. (మిషను మూడురోజులుగా మా అటక మీదే ఉంది. ఆ సంగతి గుర్తురావడానికి కాస్త సమయం పట్టింది.)

నాయనమ్మ కళ్ళు తెరిచింది. “ఆడెవుడే, అలగ పడుకున్నాడు?” అంది.

“షావుకారు నాయనమ్మా. సంపీసినారు.”

“హారతి పడతండగానా?”

ఆవిడ టీవీని చూసింది, కిటికీలో తలవంచుకున్న పెట్టె బావను చూసింది, నన్ను చూసింది. ఇంటికి వచ్చి నిచ్చెనెక్కాం. స్ప్రింగు మొదలు సూదుల డబ్బా దాకా నేనే అంతా చెప్పేశాను. ఆవిడ తాపీగా విని, కొంగుతో ప్లేటు తుడిచి అట్టలో పెట్టింది.

“అబద్దం ఆడినావు గాబట్టి ఈ శుక్రారం ఉపోసం నువ్వుండు,” అంది. “ఆ పెట్టోడికి సెప్పు, సంపీదేదో హారతి అయినాక సంపమను. మద్దిలో ఆపితే ఎవులికి మంచిదేటి? అయినా మూణ్ణెల్లకి ఇనబడింది. సగవైనా ఇనబడింది.”

ఆ సగం అనే మాట నన్ను చాలాసేపు వదల్లేదు.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో నేరాల సీరియళ్ళు చూస్తుంటే నేను వెనకనుంచి తొంగి చూస్తాను. పాత రంగూన్ చూపిస్తూ వెనక కొత్త పాట పెడితే ఊరుకోలేను, ఆ పాట ఆ ఏడాదిది కాదు అంటాను. హంతకుడెవరో చూడు మామ్మా, పాటల సంగతి నీకెందుకు అంటుంది. నాకు ఏ సీరియల్లోనూ హంతకుడు ఎవరో ఇంతవరకూ తెలియలేదు. సరైన పాట పెట్టించానని గర్వపడుతూ, సీనులో తరువాతేమవుతుందో అడగడం మరిచిపోయిన ఆ పద్దెనిమిదేళ్ళ పిల్ల ఇప్పుడు కనిపిస్తే గట్టిగా మందలిస్తాను, తరువాత ఇంత అన్నం పెడతాను.

ఆ నాటకం వచ్చిన మర్నాడు పొద్దున్న నేను కొట్టు తలుపులు తీసేసరికి అరుగు మీద ఒకామె నిలబడి ఉంది. సేక్కాన్ పేటలో ఉంటారట, భర్తకు రేవులో పని. ఆమె వెనక తలుపు పట్టుకుని ఒక ముసలావిడ. రాత్రి టీవీలో హారతి మీ కొట్లోదేనా అని చిన్నావిడ అడిగింది, పాత ప్లేట్లుండేది ఇక్కడేనని ఎవరో చెప్పారట. అవునన్నాను.

“మా అత్త రేతిరినుండి మెతుకు ముట్టనేదు. హారతి సగంలో ఆగిపోనాది, మిగతాది ఇంటే గాని తిననంతంది,” అంది.

ఆ మాట అంటుండగానే పెట్టె బావ వచ్చాడు. సూదుల డబ్బా నా చేతిలో పెట్టి పక్కకు నిలబడ్డాడు. నాయనమ్మ నిచ్చెన దిగి కొట్లోకి వచ్చింది. శుక్రవారం కాదు, దీపాలవేళ కాదు, అయినా ప్లేటు పెట్టమంది. పెట్టాను. హారతి మొదటినుంచి చివరిదాకా మోగింది. ముసలావిడ కళ్ళు తుడుచుకుని నాయనమ్మను మీది ఏ ఊరని అడిగింది. నాయనమ్మ సముద్రం అవతలి తన ఊరు చెప్పింది. ఆవిడదీ ఆ పక్క ఊరే. నడిస్తే అరగంట దూరంలో ఇద్దరూ పాతికేళ్ళుగా ఉంటున్నారు, ఒకరిని ఒకరు ఎరగరు. నాయనమ్మ తన పీట ముందుకు జరిపింది. ఆవిడ కూర్చుంది. నేను టీ తేవడానికి వెళ్ళాను.