మేనేజర్ గారి అమ్మ ఆధార్ నంబరు

నవ్వారంటే టీ కూడా పొయ్యను, ముందే చెప్తున్నా. మొన్న మా సంఘం మీటింగులో వంద రూపాయలు ఫైన్ కట్టింది ఎవరో తెలుసా? నేనే. ఆ ఫైన్ రూలు పెట్టింది ఎవరు? అదీ నేనే! ఇన్నేళ్ళ నుంచీ లీడర్ని, ఒక్కసారి లేటు ఫైను కూడా కట్టని మనిషిని. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. ఎవరి మీదంటారా? బ్యాంకు మీద! ఇంకొకళ్ళ మీద కూడా ఉందిలే, అది చివర్లో చెప్తా.

మా డ్వాక్రా సంఘం సంగతి తెలుసుగా. జగ్గయ్యపేటలో మా వీధి ఆడవాళ్ళం పదిమందిమి. మా దగ్గర అన్నిటికీ ఫైనే. మీటింగుకి లేటొస్తే ఫైను. రాకపోతే ఫైను. మీటింగులో కూర్చుని పక్కింటి కోడలి గురించి మాట్లాడితే ఫైను, అదే బాగా వసూలవుద్ది. ఈ మధ్య ఇంకోటి కలిపా. ఈ ఫోన్ దొంగలు ఎక్కువయ్యారు కదా, కేవైసీ చెయ్యాలి, ఆధార్ చెప్పండి, ఓటీపీ చెప్పండి అని. మా వెనక వీధిలో ఒకావిడ గేదెని అమ్మిన డబ్బంతా అట్టా పోగొట్టుకుని, వారం రోజులు అన్నం మానేసింది పాపం. నాకు తిక్క రేగి తీర్మానం రాయించా. కేవైసీ అని ఫోన్ చేసినోడితో మర్యాదగా మాట్లాడినోళ్ళు వంద కట్టాలి. తిట్టి పెట్టేస్తే ఫైన్ లేదు. అందరూ చప్పట్లు కొట్టారు.

రూలు పెట్టినదాన్ని, ముందు నేను చేసి చూపించాలిగా! ఆ ముచ్చటా తీరింది. నా టైలరింగ్ షాపులో బ్లౌజు కత్తిరిస్తున్నా, ఫోన్ మోగింది.

"మేడమ్, నేను బ్యాంక్ నుంచి మాట్లాడుతుంది. మీ సంఘం కేవైసీ పెండింగ్ ఉంది."

మాట్లాడుతుందట! వచ్చీరాని తెలుగు, సెల్లు నంబరు, పైగా కేవైసీ. ఇంకేం కావాలి? కత్తెర పక్కన పడేసి అందుకున్నా.

"ఒరే సచ్చినోడా, పొద్దున్నే నీకు నేనే దొరికానా? నా ఆధార్ కావాలా? ముందు మీ అమ్మ ఆధార్ నంబరు చెప్పరా, రాసుకుంటా. తర్వాత నాది చెప్తా!"

పెట్టేశాడు. రెండ్రోజులాగి మళ్ళీ చేశాడు, సిగ్గులేకుండా. ఈసారి వాళ్ళ తాతల్ని కూడా లేపా. అక్కడితో ఆగానా? ఆ నంబరు "కేవైసీ దొంగ ఎత్తొద్దు" అని సేవ్ చేసుకుని సంఘం గ్రూపులో పెట్టా. "అందరూ ఇదే పేరుతో సేవ్ చేసుకోండి. చేస్తే మీ అమ్మ ఆధార్ నంబరు చెప్పరా అని అడగండి. తెలిసినవాళ్ళందరికీ పంపండి." అందరూ దణ్ణం బొమ్మలు పెట్టారు. ఆ పూట నాకు పప్పన్నం కూడా ఎంత రుచిగా ఉందనుకున్నారు!

ఇక నూర్జహాన్ సంగతి. మా సంఘంలో ఉంటుంది, వాళ్ళాయన లారీ డ్రైవరు. ఇంట్లోనే కారం, పసుపు, ధనియాల పొడి చేసి అమ్ముద్ది. కారం తింటే ఆ పిల్ల కారమే తినాలి. కానీ ఆడించే మర వేరేవాళ్ళది. వాళ్ళు ఎప్పుడు రమ్మంటే అప్పుడు మిరపకాయల సంచి నెత్తిన పెట్టుకుని పోవాలి. పచ్చళ్ళ సీజన్లో అయితే, "నీది రేపు చూద్దాంలే" అని తిప్పి పంపేవాళ్ళు. సొంత మర పెట్టుకోవాలని దాని కల.

నందిగామలో కోటయ్య గారని పెద్దాయన, మోకాళ్ళు పని చెయ్యక తన మర అమ్మేస్తానన్నాడు. ఇద్దరం వెళ్ళి చూసొచ్చాం. బంగారంలాంటి మర. మాటల్లో నేను ఊరుకోకుండా, "బాబాయిగారూ, ఫోన్ దొంగలతో జాగ్రత్త" అని ఆయన ఫోన్లో కూడా ఆ నంబరు సేవ్ చేసిచ్చా. వాడు చేస్తే ఏమనాలో కూడా నేర్పా. ఆయన తెగ సంబరపడి, "శుక్రవారం సాయంత్రం దాకా మీకోసం ఆగుతానమ్మా. కీసర నుంచి ఒకాయన తిరుగుతున్నాడు. ఆ తర్వాత నన్ననొద్దు" అన్నాడు. నూర్జహాన్ ఇంటికి రాగానే ముందుగది ఖాళీ చేయించి, మరకి సిమెంటు దిమ్మ కూడా కట్టించేసింది. సంఘం లోను మంజూరైంది, ఖాతాలో పడింది. శుక్రవారం పొద్దున్నే ఇద్దరం బ్యాంకుకి పోయాం. ఏ బ్యాంకని అడక్కండి, అందరూ ఒక తానులో ముక్కలే.

కౌంటర్లో పిల్ల కంప్యూటర్ చూసి, "మీ ఖాతా ఆపేశారండి" అంది.

"ఆపడమేంటి? మొన్నేగా లోను వేశారు!"

"డబ్బు లోపలికి వస్తుందండి. బయటికి రాదు. లీడర్ కేవైసీ లేదు."

లోపలికి వస్తుందట, బయటికి రాదట! అది ఖాతానా, ఎలకల బోనా? ఈ సంఘం మొదలెట్టినప్పటి నుంచీ ఎన్ని ఆధార్ జిరాక్సులిచ్చానో నాకే తెలీదు. అవన్నీ ఏం చేశారు, బజ్జీలు చుట్టుకున్నారా? నూర్జహాన్ నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఇవాళ సాయంత్రమే గడువు" అంది. నాకు రక్తం ఉడికిపోయింది.

అప్పుడు కనపడిందండీ, అక్కడ బల్ల మీద. మన కాలక్షేపానికి బ్యాంకోళ్ళు వేసిన పేపరే. లోపలి పేజీలో ఓ మూల చిన్న వార్త. నోట్లు అచ్చేసే పెద్ద బ్యాంకు ఉంది చూడండి, బ్యాంకులన్నిటినీ అదిలించేది, అది మా బ్యాంకుకి జరిమానా వేసింది! ఎందుకూ? ఖాతాదారుల కేవైసీ ఎప్పటికప్పుడు సరిచూడకుండా ఏళ్ళ తరబడి నిద్రపోయినందుకు. చివర్లో ఒక ముక్క కూడా ఉంది. దీనివల్ల ఖాతాదారుల లావాదేవీలకు ఇబ్బందేమీ లేదట.

లేదట! మరి మేం ఇక్కడ గుడ్లప్పగించి నిలబడింది ఏంటి? వాళ్ళు నిద్రపోయారు, పైవాళ్ళు వీపు మీద ఒకటిచ్చారు. ఉలిక్కిపడి లేచి మా ఖాతాలు బిగించేశారు. బ్యాలెన్సు కాస్త తగ్గితే మన దగ్గర ఫైను. మెసేజ్ పంపితే ఛార్జీ. సంతకం వంకర పోయిందని చెక్కు వెనక్కి. మన ఫైను మాత్రం మనకి చెప్పకుండానే కోసేస్తారు. వాళ్ళ ఫైను పేపర్లో ఓ మూల, భూతద్దం పెట్టి వెతుక్కోవాలి.

పేపరు పట్టుకుని మేనేజర్ గదిలోకి దూసుకుపోయా. కుర్రాడే, ఒడిశా నుంచి కొత్తగా వచ్చాడట. పేపరు ఆయన టేబుల్ మీద పరిచా.

"ఏవండీ, ఇదేంటి? మా సంఘంలో తప్పు చేసినోళ్ళే ఫైన్ కడతారు. మీరు తప్పు చేసి మా పీకమీద కాలేస్తారా? ఈ పిల్ల మర పోతే మీరు తెచ్చిస్తారా?"

నా గొంతు సంగతి తెలుసుగా. క్యూలో ఉన్నోళ్ళంతా తలుపు దగ్గరికొచ్చేశారు. ఒకాయన వెనకనుంచి, "బాగా అడిగావమ్మా!" అన్నాడు. ఇంకేం, నాకు పూనకం వచ్చేసింది.

"మేడమ్, మేము ముందే ఫోన్ చేసింది" అన్నాడు మేనేజర్.

"ఎవరికి చేశారు? ఎప్పుడు చేశారు? అబద్ధాలాడితే కళ్ళు పోతాయి! చెయ్యండి. ఇప్పుడు, నా ముందే చెయ్యండి!" అని నా ఫోన్ టేబుల్ మీద ఠప్పున పెట్టా.

ఆయన తన సెల్లు తీసి నొక్కాడు. నా ఫోన్ మోగింది. అందరూ తొంగి చూశారు. స్క్రీన్ మీద ఇంతింత అక్షరాలు. కేవైసీ దొంగ ఎత్తొద్దు.

మేనేజర్ తెలుగు చదవడం కూడా నేర్చుకున్నట్టున్నాడు, నా ఖర్మ! ఫోన్ వంక చూశాడు, నా వంక చూశాడు. మెల్లిగా అడిగాడు.

"మేడమ్, మీరేనా... మా అమ్మ ఆధార్ అడిగింది?"

ఇందాక బాగా అడిగావన్న పెద్దమనిషే ముందు నవ్వాడు. నాకు ఆ టేబుల్ కింద దూరిపోదామనిపించింది. అయినా నోరు ఊరుకుంటుందా?

"అయితే తప్పంతా నాదేనా? గోడ మీద ఒక్క కాగితం అతికించారా? ఒక్క లెటర్ రాశారా? బ్యాంకు ఫోన్ నుంచి కాకుండా మీ సొంత సెల్లు నుంచి ఎందుకు చేశారు?"

"బ్యాంక్ ఫోన్ పాడయింది మేడమ్. కంప్లైంట్ పెట్టింది. ఇంకా రాలేదు."

"చూశారా! దొంగ, మీరూ ఒకేలా మాట్లాడి, ఒకేలా నంబరు వాడి, ఒకటే అడిగితే మేం ఎట్టా చావాలి?"

దానికి మాత్రం ఆయన తలొంచుకున్నాడు. తప్పేనన్నాడు. నిజం చెప్పాలంటే మనిషి మంచోడు. అప్పటికప్పుడు కాగితాలన్నీ తనే దగ్గరుండి చేయించాడు. కానీ పైనుంచి ఓకే అయి ఖాతా తెరుచుకునేది రేపు పొద్దున్నేనట. సాయంత్రానికి కుదరదు. నూర్జహాన్ కుర్చీలో కూలబడిపోయింది. "దిమ్మ కూడా కట్టించానక్కా" అని ఒక్క మాటే అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మేనేజరే పాపం, "నేను మీ కోటయ్య గారితో మాట్లాడుతుంది" అని నంబరు తీసుకున్నాడు. స్పీకర్ పెట్టి, "సార్, నేను బ్యాంక్ మేనేజర్..." అన్నాడో లేదో, అవతల నుంచి ముసలాయన గొంతు ఖంగుమంది.

"ఓహో, నువ్వేనట్రా! ముందు మీ అమ్మ ఆధార్ నంబరు చెప్పరా!"

పెట్టేశాడు. మేనేజర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. సరే, నేనే నా ఫోన్ నుంచి చేశా. "బాబాయిగారూ, ఆయన నిజంగా మేనేజరే, నా పక్కనే ఉన్నాడు" అన్నా. ఆయన గొంతు తగ్గించి, "అమ్మా, నిన్ను బెదిరించి చెప్పిస్తున్నాడా? అవును, కాదు, అంతే చెప్పు. మా బావమరిది కొడుకు పోలీసు, ఇప్పుడే పంపిస్తా" అన్నాడు. ఏం చెప్పినా నమ్మడే! అంత బాగా నేర్పి చచ్చా.

ఇంకేముంది, బస్సెక్కాం. చిల్లకల్లు దాటేదాకా నూర్జహాన్ సెల్లులో టైమే చూసుకుంటోంది. నేను దారి పొడుగునా బ్యాంకుని తిడుతూనే ఉన్నా. తిట్టడం ఆపితే నన్ను నేను తిట్టుకోవాల్సొస్తదని భయం. నందిగామలో దిగి ఆటో పట్టుకుని వెళ్ళేసరికి, కోటయ్య గారి అరుగు మీద కీసర మనిషి కూర్చునున్నాడు. వాకిట్లో ట్రాలీ ఆటో. నూర్జహాన్ మెట్ల దగ్గరే ఆగిపోయింది.

కోటయ్య గారు నన్ను చూడగానే లేచి, "వదిలేశాడా అమ్మా ఆ దొంగ?" అన్నాడు.

"దొంగ కాదండీ, నిజంగా మేనేజరే."

"మరి దొంగ అని ఎవరన్నారు?"

"నేనేనండీ" అన్నా. మొదటి నుంచీ మొత్తం చెప్పా, కీసర మనిషి ముందే. నూర్జహాన్ ఈలోపు కమ్మలు తీసి, "ఇవి ఉంచండి తాతయ్యా, రేపు డబ్బు తెస్తా" అని చెయ్యి చాచింది. అది చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నా నోటి దూలకి ఆ పిల్ల చెవులు బోసిపోవాలా?

కోటయ్య గారు అప్పటికే నవ్వీ నవ్వీ దగ్గుతున్నాడు. "చెవులకి పెట్టుకో అమ్మా. రేపు మధ్యాహ్నం దాకా ఆగుతా. అయితే ఆ మేనేజర్ అబ్బాయికి నా తరఫున సారీ చెప్పండి. వాళ్ళమ్మ గారిక్కూడా" అన్నాడు. కీసర మనిషి గొణుక్కుంటూ ట్రాలీ ఆటో ఎక్కి పోయాడు. మర్నాడు ఖాతా తెరుచుకుంది. మధ్యాహ్నానికల్లా మర జగ్గయ్యపేట చేరింది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! మొన్న సంఘం మీటింగు నూర్జహాన్ ముందుగదిలోనే పెట్టాం. అది మిరపకాయలు ఆడిస్తోంది, మేమంతా తుమ్ముతూ లెక్కలు చూస్తున్నాం. నా ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"మేడమ్, బ్యాంకు నుంచండి. మీ సంఘం కేవైసీలో చిన్న పని మిగిలిపోయింది."

తేనెలాంటి తెలుగు! బ్యాంకు ఫోన్ బాగుచేయించుకుని, తెలుగొచ్చినోడితో చేయిస్తున్నారన్నమాట, నేను పెట్టిన చీవాట్లు పని చేశాయి అనుకున్నా. లేచి నిలబడి మరీ, "నమస్కారమండీ సార్! మొన్న పొరపాటైపోయింది. మేనేజర్ గారి అమ్మగారు బాగున్నారా?" అన్నా.

అవతల ఒక్క క్షణం ఆగాడు. "ఆ... బాగున్నారు మేడమ్. మీ ఫోనుకి ఒక ఓటీపీ వచ్చింది చూడండి."

"ఓటీపీ వచ్చింది సార్. చెప్పమంటారా?"

మొదటి అంకె నా నోట్లో ఉండగానే మర ఆగింది. మోచేతుల దాకా కారంతో నూర్జహాన్ ఒక్క ఉరుకున వచ్చి ఫోన్ లాక్కుంది.

"ఒరే సచ్చినోడా! ముందు మీ అమ్మ ఆధార్ నంబరు చెప్పరా!"

టక్కున పెట్టేశాడు. వాడు అసలు దొంగే. సంఘం డబ్బంతా నా ఫోనుకి కలిపిన ఆ ఖాతాలోనే ఉంది. నేను మర దిమ్మ అంచు మీదే చతికిలబడ్డా. మంచినీళ్ళు ఇస్తారేమో అనుకున్నా. నూర్జహాన్ కారం చెయ్యి నా ముందు చాపింది.

"అక్కా, మర్యాదగా మాట్లాడావు. వంద తియ్."

అదండీ సంగతి. మేనేజర్ని తాతల దాకా తిట్టినందుకు నాకు రూపాయి ఫైన్ లేదు. దొంగకి లేచి నిలబడి నమస్కారం పెట్టినందుకు వంద. రూలు నాదే మరి, ఎవర్ని తిట్టను?